లె తెరీబ్ల్: 45 నాట్ల నౌక

1935లో ఫ్రాన్సు తీరాన ఒక కొత్త యుద్ధనౌకకు వేగపరీక్ష జరిగింది. ముందుగా కొలిచి గుర్తులు పెట్టిన దూరాన్ని అది 45 నాట్లకు కొంచెం మించిన వేగంతో దాటింది. నాట్ అంటే గంటకు ఒక నావికా మైలు, అనగా 1,852 మీటర్లు. కనుక ఆ నౌక గంటకు 83 కిలోమీటర్లు దాటి పరుగెత్తిందన్నమాట. ఆ రోజుల్లో మన దేశపు మెయిలు రైళ్ళు కూడా సరాసరిన అంత వేగంగా పోయేవి కావు. ఇంతచేసీ అది రెక్కలమీద తేలిపోయే చిన్న పడవ కాదు. రెండున్నరవేల టన్నులకు పైబడి బరువూ, ఐదు పెద్ద ఫిరంగులూ, రెండువందలమందికి పైగా నావికులూ గల నౌక. దాని పేరు లె తెరీబ్ల్, అంటే ‘భయంకరుడు’. మామూలు ఓడల మాదిరిగా నీటిని చీల్చుకుంటూ పోయే నౌకలలో ఈ వేగాన్ని మించినది నేటివరకు లేదని నౌకాచరిత్రకారులు చెబుతారు.

ఇంత వేగం ఎందుకు కావలసి వచ్చింది? ఇది తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి. పంతొమ్మిదవ శతాబ్దం చివర టార్పెడో అనే ఆయుధం వచ్చింది. నీటిలో తనంతట తాను పోయి ఓడ పక్కను తాకి పేలే ఆయుధం ఇది. దీనిని మోసుకుపోయే చిన్న చిన్న పడవలు కోట్లు ఖర్చుచేసి కట్టిన మహానౌకలను ముంచగల స్థితి ఏర్పడింది. ఈ పడవలను వెంటాడి నాశనం చేయడానికి వాటికంటె పెద్దవి, వేగమైనవి అయిన నౌకలు పుట్టాయి. ఇంగ్లీషువారు వాటిని డిస్ట్రాయర్లు అన్నారు. ఫ్రెంచివారు ‘టార్పెడో పడవకు విరోధి’ అనే అర్థం వచ్చేటట్లు కాంత్ర్ తోర్పియర్ అని పిలిచారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఫ్రెంచివారు ఈ జాతి నౌకలను ఇతర దేశాలలో ఎక్కడా లేనంత పెద్దవిగా కట్టడం మొదలుపెట్టారు.

దీనికి కారణం ఇటలీ. ఫ్రాన్సుకు ఉత్తర ఆఫ్రికాలో అల్జీరియా, ట్యునీషియా, మొరాకో ఉండేవి. యుద్ధం వస్తే అక్కడి సైన్యాలను మధ్యధరా సముద్రం దాటించి తీసుకురావాలి. ఆ దారికి అడ్డంగా ఇటలీ నౌకాదళం ఉంది. ఫ్రెంచి పెద్ద డిస్ట్రాయర్లను చూసి ఇటలీవారు వాటిని వేటాడటానికి తేలికపాటి క్రూయిజర్లు కట్టారు. వాటిలో అల్బెరికో ద బర్బియానో అనేది పరీక్షలో 42 నాట్లు పోయింది. వెంటనే ఫ్రాన్సు ఇంకా వేగమైన నౌకలు కావాలనుకున్నది. 1930లో లండనులో జరిగిన ఒప్పందం ప్రకారం బ్రిటను, అమెరికా, జపాను తమ డిస్ట్రాయర్ల బరువుకు హద్దు పెట్టుకొన్నాయి. ఫ్రాన్సు, ఇటలీ ఆ భాగానికి ఒప్పుకోలేదు. అందుచేత వాటి పోటీకి అడ్డులేకపోయింది.

ఈ పోటీలో నిజానికంటె ప్రదర్శన పాలు ఎక్కువనే చెప్పాలి. ఇటలీవారి క్రూయిజర్లు పరీక్షనాడు ఫిరంగులు కొన్ని బిగించకుండానే, తేలికగా పరుగెత్తి బిరుదులు సంపాదించుకొన్నాయి. యుద్ధానికి కావలసిన బరువంతా ఎక్కిన తరువాత వాటి వేగం ఎంతో తగ్గిపోయింది. లె తెరీబ్ల్ కూడా పరీక్షనాడు పూర్తి బరువుతో లేదు. అయినా దాని నమూనా వేసిన ఇంజనీర్లు ఆశించిన వేగం 37 నాట్లే. దానిపై 8 నాట్లు అధికంగా రావడం ఏ లెక్కన చూసినా సామాన్యం కాదు.

ఆ 8 నాట్ల విలువ తెలియడానికి కొంచెం భౌతికశాస్త్రం అవసరం. నీటిమీద కదిలే ప్రతి ఓడా తన ముందు ఒక అలను లేపుతుంది. కాలువలో లాంచీ పోతుంటే గట్టుమీద నిలబడి చూసినవారికి ఇది కొత్త కాదు. ఈ అల ఓడతో సమానవేగంతో ముందుకు పోతుంది. లోతైన నీటిలో అల పొడవు దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని, దాని వర్గాన్ని 0.64తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. లె తెరీబ్ల్ పొడవు సుమారు 132 మీటర్లు. నౌక 28 నాట్లతో, అంటే సెకనుకు సుమారు 14.4 మీటర్లతో పోతున్నప్పుడు అది లేపే అల పొడవు కూడా దాదాపు 132 మీటర్లే అవుతుంది. అప్పుడు ఒక శిఖరం అణియం కింద, మరొక శిఖరం అమరం కింద ఉంటాయి. అణియం అంటే ఓడ ముక్కు, అమరం అంటే వెనుక కొస. ఇంతవరకు నౌక రెండు శిఖరాల మీద నిలబడి సుఖంగానే పోతుంది. వేగం ఇంకా పెరిగితే అల పొడవు నౌక పొడవును మించిపోతుంది. వెనుక శిఖరం నౌకను విడిచి వెనక్కు జారుతుంది. అమరం గుంటలో దిగబడుతుంది, అణియం పైకి లేస్తుంది. అంటే తాను లేపిన అల వాలును తానే ఎక్కుతున్నట్లు నౌక ఎడతెగకుండా ప్రయాసపడాలి. 45 నాట్ల వద్ద అల పొడవు ఎంతో విద్యార్థులు తామే లెక్క వేసి చూడవచ్చు. అది 343 మీటర్లు వస్తుంది, నౌక పొడవుకు రెండున్నర రెట్లకంటె ఎక్కువ.

ఓడల నిరోధాన్ని ఇలా అలల నిరోధమనీ, నీటి రాపిడి అనీ విడదీసి, చిన్న నమూనాలతో తొట్టెలో కొలిచే పద్ధతిని 1870 దశకంలో విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు స్థిరపరచాడు. బరువైన వెడల్పాటి ఓడకు ఈ అలను దాటిపోవడం అసాధ్యమనే చెప్పవచ్చు. సన్నని, పొడవైన ఓడకు మాత్రం సాధ్యమే. అందుకే లె తెరీబ్ల్ వెడల్పు 12 మీటర్లే. పొడవు దానికి పదకొండు రెట్లు.

ఆకారం ఒక్కటే చాలదు, బలం కూడా కావాలి. వేగాన్ని రెట్టింపు చేయాలంటే కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. అలల నిరోధం తీవ్రమయ్యే చోట ఇంకా ఎక్కువే. ఈ నౌకలో నాలుగు బాయిలర్లు ఉండేవి. వాటిలో నూనెను మండించి పుట్టించిన ఆవిరి టర్బైన్లను తిప్పేది. గేర్ల ద్వారా ఆ శక్తి రెండు ప్రొపెల్లర్లకు చేరేది. నమూనా ప్రకారం యంత్రాల శక్తి 74,000 అశ్వశక్తి. ఒక్కొక్కటి 2,000 అశ్వశక్తి గల పెద్ద రైలింజన్లు 37 కలిపితే అంత బలం వస్తుంది. పరీక్షనాడు యంత్రాలు ఈ అంకెను కూడా బాగా దాటిపోయాయి. 1897లో చార్లెస్ పార్సన్స్ తన టర్బీనియా అనే చిన్న నౌకతో ఆవిరి టర్బైన్ సత్తాను లోకానికి చూపినప్పుడు దాని వేగం సుమారు 34 నాట్లు. నలభై ఏళ్ళు తిరగకముందే అదే సూత్రంతో నడిచే యంత్రం అంతకు అరవైరెట్లకు మించిన బరువుగల నౌకను 45 నాట్లకు తీసుకుపోయింది.

దీనికి చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. నౌక మధ్యభాగమంతా బాయిలర్లు, టర్బైన్లే ఆక్రమించాయి. నూనె దాచుకునే చోటు మిగలలేదు. పూర్తి వేగంతో పోతే నిండు తొట్ల నూనె ఒక్కరోజు నిలవడం కూడా కష్టం. నౌక తొడుగు పల్చన. శత్రువు గుండును ఆపగల కవచం లేదు.

లె తెరీబ్ల్‌ను 1931 చివర కాన్ నగరం దగ్గర ఓర్న్ నది ఒడ్డునున్న బ్లాన్‌విల్ నౌకానిర్మాణశాలలో కట్టనారంభించారు. 1933లో నీట దించారు. 1935లో అది నౌకాదళంలో చేరింది. దీనికి ఐదుగురు తోడబుట్టినవారున్నారు: లె ఫాంతాస్క్ (చపలుడు), లోదాస్యూ (సాహసి), లె మలాన్ (నేర్పరి), లె త్రియోంఫాన్ (విజేత), లాందొంతాబ్ల్ (లొంగనివాడు). ఆరింటికీ ఒకే నమూనా. ఒక్కొక్కదానిపై ఐదు 138 మిల్లీమీటర్ల ఫిరంగులు, తొమ్మిది టార్పెడో గొట్టాలు. ఒక్కొక్క గుండు బరువు సుమారు 40 కిలోలు.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. విచిత్రమేమంటే, ఏ ఇటలీని ఉద్దేశించి ఈ నౌకలను కట్టారో ఆ ఇటలీ మొదట యుద్ధంలో దిగనే లేదు. లె తెరీబ్ల్ అట్లాంటిక్ సముద్రంలో జర్మను దాడినౌకలను వెదకడానికి వెళ్ళింది. అక్టోబరులో ఒక జర్మను వర్తకనౌకను పట్టుకోవడంలో పాలుపంచుకొంది. 1940 జూన్ 22న ఫ్రాన్సు జర్మనీతో యుద్ధవిరమణ సంతకం చేసింది. అప్పుడు లె తెరీబ్ల్ అల్జీరియా తీరాన మెర్స్ ఎల్ కెబీర్ రేవులో ఉంది. దాని పూర్తి వేగానికి నిజమైన పరీక్ష అక్కడే, ఎవరూ ఊహించని విధంగా వచ్చింది.

ఫ్రెంచి నౌకలు జర్మనుల చేతిలో పడతాయేమోనని బ్రిటనుకు భయం. 1940 జూలై 3 ఉదయం అడ్మిరల్ సోమర్‌విల్ నాయకత్వాన బ్రిటిషు నౌకాబలం రేవు ముందు నిలిచింది. మాతో వచ్చి పోరాడండి, లేదా కొద్దిమందితో బ్రిటిషు రేవులకు రండి, లేదా వెస్టిండీసుకు పోయి నిరాయుధులు కండి, లేదా ఆరుగంటలలో మీ నౌకలను మీరే ముంచివేయండి. కానప్పుడు బలప్రయోగం తప్పదని కబురు పంపింది. ఫ్రెంచి అడ్మిరల్ జాన్సూల్ ఒప్పుకోలేదు. సాయంత్రం ఆరుగంటలకు కొంచెం ముందు బ్రిటిషు ఫిరంగులు పేలాయి. పదిరోజుల కిందటివరకు ఒకే పక్షాన నిలిచిన నావికులు వాళ్ళు. పెద్ద యుద్ధనౌక బ్రతాన్య్ పేలి తిరగబడింది. మొగదోర్ అనే పెద్ద డిస్ట్రాయరు రేవు నోటి దగ్గర అమరంపై దెబ్బతిన్నది. దానిమీదున్న జలాంతర్గామి సంహార బాంబులు పేలి వెనుకభాగం ఎగిరిపోయింది. ఆనాడు 1,297మంది ఫ్రెంచివారు చనిపోయారు.

ఆ పొగలో స్ట్రాస్‌బూర్ అనే పెద్ద యుద్ధనౌక లంగరు తెంచుకొని బయటపడింది. దాని వెంట లె తెరీబ్ల్, వోల్తా, తీగ్ర్, లాంక్స్, కెర్సాన్ బయటికి దూసుకువచ్చాయి. బ్రిటిషు నౌకలూ విమానాలూ వెంటాడినా ప్రయోజనం లేకపోయింది. మరునాటి రాత్రికి స్ట్రాస్‌బూర్ ఫ్రాన్సు దక్షిణతీరంలోని టూలాన్ చేరింది. శత్రువును తరమడానికి కట్టిన వేగం స్నేహితుని తప్పించుకోవడానికి పనికివచ్చింది.

అదే జూలై 3న ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో ఉన్న లె త్రియోంఫాన్ మీదికి బ్రిటిషు సైనికులు ఎక్కి దానిని స్వాధీనం చేసుకొన్నారు. అక్కడినుంచి ఆ ఆరు నౌకల చరిత్ర చీలిపోయిన ఫ్రాన్సు చరిత్రే. లె త్రియోంఫాన్ జనరల్ ద గాల్ స్వేచ్ఛా ఫ్రాన్సు పక్షాన పసిఫిక్ సముద్రానికి పోయింది. 1942 ఫిబ్రవరిలో జపానువారు రాకముందే నౌరూ, ఓషన్ దీవులనుంచి వందలకొద్దీ జనాన్ని తప్పించింది. 1943 డిసెంబరులో హిందూ మహాసముద్రంలో తుపానులో చిక్కి, మునుగుతుందో తేలుతుందో అన్న స్థితిలో, తాను రక్షణగా వెంట వచ్చిన అమెరికను నూనెనౌకే మోకులు కట్టి లాగగా బ్రతికి బయటపడింది. లోదాస్యూ 1940 సెప్టెంబరులో డకార్ వద్ద ఆస్ట్రేలియా క్రూయిజరు గుండ్లకు మంటలపాలైంది. తరువాత 1943లో బిజెర్త్ రేవులో బాంబులకు పూర్తిగా పాడయింది. లె మలాన్‌ను 1942 నవంబరులో కాసబ్లాంకా వద్ద ఒక అమెరికను యుద్ధనౌక గుండు చీల్చింది. అదే నెల 27న జర్మనులు టూలాన్‌లో ప్రవేశించగా ఫ్రెంచివారు తమ నౌకలను తామే ముంచివేసుకొన్నారు. వాటిలో లాందొంతాబ్ల్ ఒకటి. లొంగనివాడనే పేరు దానికి ఆ విధంగా సార్థకమైంది.

లె తెరీబ్ల్, లె ఫాంతాస్క్ ఆ సమయంలో పడమటి ఆఫ్రికాలోని డకార్‌లో ఉన్నాయి. ఆ ప్రాంతం మిత్రమండలి వైపు తిరగడంతో రెండూ తిరిగి యుద్ధంలోకి వచ్చాయి. 1943 మొదట్లో అవి అట్లాంటిక్ దాటి అమెరికాలోని బోస్టన్ చేరాయి. తరువాత లె మలాన్ కూడా అక్కడికే వచ్చింది. ఏ దేశపు గుండు దానిని చీల్చిందో ఆ దేశపు పనివారే దానిని బాగుచేశారు. రాడారు, నీటికింద ధ్వనితో జలాంతర్గాములను కనిపెట్టే సాధనం, విమానాలను కొట్టే 40, 20 మిల్లీమీటర్ల ఫిరంగులు బిగించారు. చోటు చాలక ఒక టార్పెడో గొట్టాల జట్టును తీసివేశారు. బరువు పెరిగింది. 45 నాట్లు ఇక ఎన్నటికీ రాని మాట. అయినా 35 నాట్ల వేగంతో గంటలతరబడి పోగల శక్తి మిగిలింది. వాటిని ఇకపై తేలిక క్రూయిజర్లుగా లెక్కించసాగారు.

యుద్ధంలో ఈ వేగం సరిగ్గా వినియోగపడింది ఇప్పుడే. 1943 సెప్టెంబరు 8న ఇటలీ లొంగిపోయినట్లు ప్రకటన వెలువడింది. మరునాడే కోర్సికా ద్వీపంలో జనం జర్మనులపై తిరగబడ్డారు. వారికి సహాయం అల్జీర్స్‌నుంచి రావాలి. అక్కడికీ అజాక్సియో పట్టణానికీ సుమారు 400 నావికా మైళ్ళు. మామూలు రవాణా ఓడ పది నాట్లతో పోతే 40 గంటలు పడుతుంది, దారిలో విమానాలకు చిక్కుతుంది. లె తెరీబ్ల్, లె ఫాంతాస్క్ సైనికులను డెక్కులమీద కిక్కిరిసేటట్లు ఎక్కించుకొని ఆ దూరాన్ని అందులో సగంకంటె తక్కువ కాలంలో దాటగలిగాయి. ఐదువందలమందిని దించి తిరుగుముఖం పట్టాయి. అక్టోబరు 4 నాటికి కోర్సికా విముక్తమయింది.

తరువాత పోరాటం ఏడ్రియాటిక్ సముద్రానికి మారింది. ఇటలీకి, యుగోస్లావియాకు మధ్యనున్న ఈ ఇరుకు సముద్రంలో జర్మను సరకుల ఓడలు చీకటిలో తీరం వెంట, దీవుల చాటున పోతుండేవి. పగలు ఆ జాడకు పోవడం ప్రమాదం. చీకటి పడిన తరువాత శత్రుతీరానికి చేరి, పనిచేసి, తెల్లవారకముందే తన విమానాల రక్షణలోకి తిరిగిరావాలి. ఇక్కడ లెక్క చాలా సులభం. చీకటి పన్నెండు గంటలు అనుకొందాం. అందులో రెండు గంటలు పోరుకు తీసివేస్తే పోవడానికి ఐదు, రావడానికి ఐదు. 15 నాట్ల నౌక 75 మైళ్ళ దూరంలోని లక్ష్యాన్నే అందుకోగలదు. 30 నాట్ల నౌకకు 150 మైళ్ళ దూరంలోని ఓడ కూడా అందుతుంది. బిరుదుకోసం కట్టిన వేగం ఇప్పుడు చీకటి గంటలను పొడిగించే సాధనమయింది.

1944 ఫిబ్రవరి 29 రాత్రి లె తెరీబ్ల్, లె మలాన్ డాల్మేషియా తీరాన ఇస్ట్ దీవి దగ్గర ఒక జర్మను వరుసను పట్టుకొన్నాయి. దానిలో ఒక పెద్ద సరకుల ఓడ, దాని చుట్టూ టార్పెడో పడవలు, చిన్న యుద్ధనౌకలు ఉన్నాయి. చీకటిలో శత్రువు కంటికి కనబడకముందే రాడారు దాని దూరం, దిక్కు చెప్పింది. కొద్ది నిమిషాలలో సరకుల ఓడ కపితాన్ దీదెరిక్సెన్ తగలబడింది, తరువాత మునిగింది. కాపలానౌకలలో ఒకటి టార్పెడో తగిలి పేలి, ఎక్కినవారందరితో సహా పోయింది. ఫ్రెంచి నౌకలకు నష్టం కలగలేదు. అవి వచ్చినంత వేగంగా వెనుదిరిగాయి. మార్చిలో గ్రీసు పడమటి తీరాన, జూన్‌లో మళ్ళీ ఏడ్రియాటిక్‌లో ఇటువంటి దాడులే జరిగాయి. ఆగస్టు 15న దక్షిణ ఫ్రాన్సులో మిత్రసైన్యాలు దిగినప్పుడు ఈ నౌకలు తమ దేశపు తీరాన్ని తమ ఫిరంగులతో విడిపించడానికి తిరిగివచ్చాయి.

శత్రువు చేయలేని హాని ఆ సంవత్సరం చివర వాటికి ఒకదానివలన ఒకదానికి జరిగింది. 1944 డిసెంబరు 25న నేపుల్స్ దగ్గర సముద్రంలో లె తెరీబ్ల్, లె మలాన్ గొప్ప వేగంతో పోతూ ఢీకొన్నాయి. లె మలాన్ అణియం తెగిపోయింది. అరవైమందికి పైగా నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఇస్ట్ దీవి దగ్గర చీకటిలో పక్కపక్కన నిలిచి పోరాడినవి ఈ రెండే. వేలటన్నుల బరువున్న నౌక 30 నాట్లకు పైగా పోతున్నప్పుడు దాని గతిని మార్చడానికి చుక్కానికి చాలా దూరం కావాలి. నడిపేవాని కళ్ళకు దొరికే వ్యవధి మాత్రం కొద్ది సెకన్లే. ఏ వేగం తొమ్మిది నెలలుగా వాటిని కాపాడుతూ వచ్చిందో ఆ వేగమే ఆనాడు ఇన్ని ప్రాణాలు తీసింది.

లె మలాన్‌కు కొత్త ముక్కు కట్టలేదు. టూలాన్‌లో మునిగిపోయిన లాందొంతాబ్ల్ అణియాన్ని కోసి తెచ్చి అతికించారు. ఆరింటికీ ఒకే నమూనా కావడం అప్పుడు కలిసివచ్చింది. లె తెరీబ్ల్ మరమ్మతు ట్యునీషియాలోని బిజెర్త్‌లో జరిగి, 1946లో అది తిరిగి కొలువులోకి వచ్చింది. అప్పటికి యుద్ధం ముగిసింది. విమానాలు, రాడారు గురిపెట్టే ఆయుధాలు వచ్చిన తరువాత 45 నాట్లయినా 35 నాట్లయినా తేడా లేకపోయింది. గంటకు ఐదారువందల కిలోమీటర్లు పోయే విమానాన్ని తప్పించుకోగల ఓడ లేదు. అందుచేత ఆ తరువాత నౌకలను కట్టిన దేశాలు వేగాన్ని 30 నాట్ల దగ్గర ఆపి, మిగిలిన చోటును నూనెకు, యంత్రసాధనాలకు ఇచ్చాయి. లె తెరీబ్ల్ 1950 దశకంలో ఎక్కువకాలం రేవులోనే గడిపింది. 1962లో నౌకాదళపు జాబితానుంచి తొలగించబడింది.

వేగంలో దీనిని మించినవి తరువాత రాకపోలేదు. కెనడా కట్టిన బ్రా దోర్ 1969లో 63 నాట్లు పోయింది. కాని అది నీటికింద రెక్కలపై లేచి, దేహమంతా గాలిలో ఉంచి పరుగెత్తే నౌక. లె తెరీబ్ల్ అనే పేరు మాత్రం ఫ్రెంచి నౌకాదళంలో నిలిచింది. 1973లో ఒక అణు జలాంతర్గామికి, 2010లో మరొకదానికి దానిని పెట్టారు. అవి నీటి అడుగున, చప్పుడు వినబడకుండా, నెమ్మదిగా పోయే నౌకలు.